ఐసోటోపు అన్న మాటలో ఉన్న 'స్థానం' ఏ స్థానం?

ప్రశ్న: బడిపంతులు

నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాలు బోధిస్తున్నాను. ఒకే పరమాణు సంఖ్య, వేర్వేరు ద్రవ్యరాశి సంఖ్యలు గల పరమాణువులను ఐసోటోపులు అంటారని నిర్వచనం చెప్పి, హైడ్రోజన్, కార్బన్, క్లోరిన్ ఉదాహరణలు ఇచ్చి తరువాతి పాఠానికి వెళ్లిపోవడం మా ఉపాధ్యాయులలో చాలామందికి అలవాటు. ఈ సంవత్సరం తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకరు ఆ నిర్వచనం విని, "ఇందులో సమానంగా ఉన్నది ఏమిటి, ఆ పేరులో ఆ సంగతి ఎక్కడ ఉంది?" అని అడిగింది. 'ఐసో' అంటే సమానమని ఆమెకు తెలుసు. 'టోపు' అన్నది 'టైపు' అనే మాటకు మరో రూపమా, అంటే ఒకే రకానికి చెందినవని అర్థమా అన్నది ఆమె సందేహం. ఐసోటోపును సమస్థానికం అని తెలుగులో రాసేవారు ఉన్నారు కాబట్టి 'టోపు' అంటే స్థానమని నేను చెప్పగలిగాను. అయితే వెంటనే ఆమె "ఏ స్థానం? పరమాణువుకు స్థానం ఏమిటి?" అని అడిగింది.

ఆ స్థానం ఏది, ఆ పేరు పెట్టినవారు ఎవరు, అప్పటికి వారికి పరమాణువు గురించి ఎంత తెలుసు అన్నవి వివరంగా తెలుసుకుని ఆ తరగతికి చెప్పాలని ఉంది. ఐసోబారు, ఐసోటోను అనే మాటలు కూడా ఇదే పద్ధతిలో పుట్టాయా అన్నది నా రెండో ప్రశ్న. తెలిసినవారు వివరించగలరని మనవి.

సమాధానం: ఆవర్తనం

బడిపంతులు గారూ, ఆ స్థానం ఆవర్తన పట్టికలోని గడి. పరమాణువు లోపలి చోటు గాని, ఆ పదార్థం ప్రకృతిలో దొరికే చోటు గాని ఇక్కడ ఉద్దేశం కాదు. రెండు పదార్థాలు పట్టికలో ఒకే గడిలో కూర్చోవలసి వస్తే అవి ఐసోటోపులు. ఇంత చిన్న మాటకు అవసరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే 1913కు ముందు పదేళ్ల పాటు రసాయన శాస్త్రవేత్తలు పడిన చిక్కును చూడాలి.

1902 ప్రాంతంలో మాంట్రియల్‌లో రూథర్‌ఫర్డ్, ఫ్రెడరిక్ సాడీ కలిసి చేసిన పరిశోధనల వల్ల రేడియోధార్మిక మూలకం ఒకటి మరొక మూలకంగా మారిపోతుందని తేలింది. అప్పటి నుంచి యురేనియం, థోరియం ఖనిజాలను పరీక్షించిన ప్రతివారికీ కొత్త రేడియోధార్మిక పదార్థాలు దొరకసాగాయి. వాటి అర్ధజీవితకాలాలు వేరు, వెలువరించే కిరణాలు వేరు కాబట్టి ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టారు. యురేనియం ఎక్స్, అయోనియం, రేడియోథోరియం, మెసోథోరియం, రేడియం డి అనే పేర్లు ఆ కాలానివే. సీసం నుంచి యురేనియం వరకు, ఆ రెండింటినీ కలుపుకుని, పట్టికలో ఉన్నవి 11 గడులు మాత్రమే. కనుగొన్న పదార్థాలు దాదాపు 40. వీటన్నిటినీ ఎక్కడ పెట్టాలన్నది తీరని సమస్యగా మారింది.

దానికి తోడు, వాటిలో కొన్నింటిని రసాయన పద్ధతులలో విడదీయడం ఎవరి వల్లా కాలేదు. రేడియోథోరియాన్ని థోరియం నుంచి విడదీయడం సాధ్యం కావడం లేదని 1907లోనే అమెరికాలో మెకాయ్, రాస్ అనే ఇద్దరు ప్రకటించారు. మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర చేరిన హంగరీ యువకుడు హెవెషీకి రేడియం డి అనే పదార్థాన్ని సీసం నుంచి వేరుచేసే పని అప్పగిస్తే, ఎంత శ్రమించినా అది సీసాన్ని వదలలేదు. వదలకపోవడానికి కారణం సులభమే, రేడియం డి కూడా సీసమే. ఆ వైఫల్యాన్నే ఆయన ఉపయోగంగా మార్చుకుని, విడదీయలేని ఆ రేడియోధార్మిక పదార్థాన్ని సీసంలో కలిపితే సీసం ఎటు పోతున్నదో కిరణాల ఆధారంగా కనిపెట్టవచ్చునని 1913లో వియన్నాలో పానెత్‌తో కలిసి నిరూపించారు. నేడు వైద్యంలో రేడియోధార్మిక అయోడిన్ జాడను బట్టి థైరాయిడ్ గ్రంథిని పరీక్షించే పద్ధతికి మూలం అక్కడ ఉంది.

ఇప్పుడు మీ విద్యార్థినికి నల్లబల్ల మీద చూపించదగిన భాగానికి వస్తాను, ఎందుకంటే 'సమాన స్థానం' అనే భావం దీనిలో కంటికి కనిపిస్తుంది. 1913లో సాడీ, ఫాయాన్స్ మొదలైనవారు విడివిడిగా ఒక నియమాన్ని స్థిరపరిచారు. మూలకం ఒక ఆల్ఫా కణాన్ని కోల్పోతే పట్టికలో రెండు గడులు వెనక్కి జరుగుతుంది, ఒక బీటా కణాన్ని కోల్పోతే ఒక గడి ముందుకు జరుగుతుంది. యురేనియంతో మొదలుపెట్టండి. దాని స్థానం 92, ద్రవ్యరాశి 238. ఆల్ఫా కణం పోగానే స్థానం 90కి, ద్రవ్యరాశి 234కి చేరుతుంది. అది అప్పటివారు యురేనియం ఎక్స్ అన్న పదార్థం, ఉన్నది థోరియం గడిలో. తరువాత ఒక బీటా కణం పోతే 91, మరొక బీటా కణం పోతే మళ్లీ 92. అంటే రెండు అడుగులు వెనక్కి వేసి, ఒక్కొక్క అడుగు చొప్పున రెండు అడుగులు ముందుకు వేసి, ఆ పదార్థం బయలుదేరిన గడికే తిరిగి వచ్చింది. కాని ద్రవ్యరాశి 238 కాదు, 234. రసాయన లక్షణాలు యురేనియానివే, బరువు వేరు. అదే గడిలో ఇప్పుడు ఇద్దరు ఉన్నారు. ఈ ఇద్దరి బంధుత్వానికి ఒక పేరు కావలసి వచ్చింది, ఆ పేరే ఐసోటోపు.

ఈ మాట 1913 డిసెంబరు 4న నేచర్ పత్రికలో సాడీ రాసిన లేఖ ద్వారా ముద్రణలోకి వచ్చింది. పట్టికలో ఒకే స్థానాన్ని ఆక్రమిస్తాయి కాబట్టి ఆ పేరు పెడుతున్నట్టు ఆయన అందులోనే చెప్పారు. అప్పటికి న్యూట్రాన్ సంగతి ఎవరికీ తెలియదు. కేంద్రకంలో ధన విద్యుదావేశాలతో పాటు ఎలక్ట్రాన్లు కూడా ఉంటాయని భావించేవారు, సాడీ ఇచ్చిన వివరణ కూడా ఆ భావన మీదనే నిలిచింది. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్న తరువాత ఆ వివరణ పూర్తిగా మారిపోయింది, పేరు మాత్రం చెక్కుచెదరలేదు. పేరు పెట్టడంలోని వివేకం నాకు ఇక్కడ కనిపిస్తుంది. పరమాణువు లోపల ఏముందో ఆ పేరు ఏమీ చెప్పదు, ప్రయోగంలో తేలినంత వరకే, అంటే పట్టికలో చోటు ఒక్కటేనన్నంత వరకే చెబుతుంది. ఆక్సిజన్ అనే పేరుతో దీన్ని పోల్చి చూడండి. ఆమ్లాన్ని పుట్టించేది అన్న అర్థంలో గ్రీకు మాటలతో లవోయిజియే ఆ పేరు కూర్చారు, ప్రతి ఆమ్లంలోనూ ఆ వాయువు ఉంటుందన్న సిద్ధాంతం ఆ పేరులోనే ఉంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తేలాక సిద్ధాంతం కూలిపోయినా పేరు మిగిలింది. మనం ఆమ్లజని అని అనువదించుకుని ఆ పొరపాటును తెలుగులోకి కూడా తెచ్చుకున్నాము.

సమాధానం: నిఘంటుప్రియ

ఆవర్తనం గారు శాస్త్ర విషయాన్ని వివరించారు కాబట్టి నేను గ్రీకు మాటల వరకే రాస్తాను.

మొదటి భాగం 'ఇసొస్', సమానమైన అని అర్థం. గ్రీకులో దాని మొదటి అక్షరం 'ఇ'. ఇంగ్లీషువారి ఉచ్చారణలో 'ఐ' అయింది, మనకు ఆ మార్గంలోనే వచ్చింది కాబట్టి ఐసోటోపు అంటున్నాము. రెండో భాగం 'తొపొస్', చోటు అని అర్థం. భూమి మీది చోట్లను వర్ణించే టోపోగ్రఫీలోనూ, గణితశాస్త్రంలోని టోపాలజీలోనూ ఉన్నది ఈ మాటే. థామస్ మోర్ 1516లో కల్పించిన ఊటోపియా అనే దేశం పేరులో కూడా ఇదే ఉంది, 'లేదు' అనే అర్థం గల గ్రీకు మాటను దీనికి ముందు చేర్చి ఎక్కడా లేని చోటు అనే అర్థాన్ని ఆయన సాధించారు. గర్భాశయంలో కాక వేరే చోట గర్భం నిలిచినప్పుడు వైద్యులు వాడే ఎక్టోపిక్ అన్న మాటలో కూడా 'చోటు తప్పిన' అనే భావం ఇదే మూలం నుంచి వచ్చింది.

'టైపు' అన్న మాటకు మూలం వేరు. అది 'త్యుపొస్' నుంచి వచ్చింది, దెబ్బ వల్ల పడిన ముద్ర అని దాని తొలి అర్థం, అచ్చు, నమూనా, రకం అనే అర్థాలు తరువాతివి. మీ విద్యార్థిని సందేహం సహజమైనదే, ఎందుకంటే ఒకే మూలకపు వేర్వేరు రకాలు అని వివరించడం వల్ల 'రకం' అనే భావం ముందే మనసులో ఉంటుంది. దీనికంటె ఎక్కువ జాగ్రత్త పడవలసిన మాట మరొకటి ఉంది. వజ్రం, గ్రాఫైట్ వంటి కార్బన్ రూపాలను అలోట్రోపులు అంటాము. అక్కడ ఉన్నది 'త్రొపొస్', తిరుగుడు లేక తీరు అని అర్థం. 'అల్లొస్' అంటే ఇతరమైన, కాబట్టి అలోట్రోపు అంటే వేరే తీరులో ఉన్నది. ఒక్క రేఫ మాత్రమే తేడాగా వినిపించే ఈ రెండు మాటలను పిల్లలు పరీక్షలలో తారుమారు చేస్తారు. అన్ని దిశలలోనూ ఒకే లక్షణం చూపే పదార్థాన్ని ఐసోట్రోపిక్ అంటారు, దానికీ ఐసోటోపిక్ అనే మాటకూ అర్థంలో ఏ సంబంధమూ లేదు.

సాడీ మాటకు ఆ రోజులలోనే గ్రీకు మూలం గల పోటీ మాట ఒకటి ఉండేదన్నది కూడా చెప్పదగిన విషయం. ఒకే గడిలో చేరే మూలకాల గుంపును ఫాయాన్స్ 'ప్లీయడ్' అన్నారు. గ్రీకులు ప్లీయడులు అని పిలిచినది మనం కృత్తికలు అనే నక్షత్రాల గుంపును. అందమైన పేరే గాని, అది గుంపును మాత్రమే చెబుతుంది, ఆ గుంపులోని ఒక్కొక్క సభ్యుణ్ణి పిలవడానికి పనికిరాదు. సాడీ మాట నిలవడానికి అది కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ప్రశ్నకర్త: బడిపంతులు

ఇద్దరికీ కృతజ్ఞతలు. యురేనియం మళ్లీ తన గడికే వచ్చి చేరే వరుసను రేపే తరగతిలో చెబుతాను. ఈ మాటను సాడీకి ఒక మహిళా వైద్యురాలు సూచించారని ఎక్కడో చదివినట్టు గుర్తు. మీరిద్దరూ ఆ సంగతి రాయలేదు. అది నిజమేనా? ఐసోటోను సంగతి కూడా మిగిలి ఉంది.

సమాధానం: వైద్యచరిత్ర

నిజమే. ఆమె పేరు మార్గరెట్ టాడ్. ఈ మాట చరిత్ర చెప్పినప్పుడు ఆమె పేరు చెప్పకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, అందువల్ల కొంచెం విపులంగా రాస్తున్నాను.

ఎడిన్‌బరోలో సోఫియా జెక్స్‌బ్లేక్ 1886లో స్త్రీల కోసం ఒక వైద్య విద్యాలయాన్ని స్థాపించారు. బ్రిటన్‌లో స్త్రీలకు వైద్య విద్య అందుబాటులోకి రావడానికి పోరాడినవారిలో జెక్స్‌బ్లేక్ అగ్రగణ్యురాలు. ఆ విద్యాలయంలో తొలి విద్యార్థినులలో టాడ్ ఒకరు. చదువుకుంటూనే గ్రాహం ట్రావర్స్ అనే పురుష నామంతో, వైద్య విద్యార్థిని కథానాయికగా ఒక నవల రాసి 1892లో ప్రచురించారు. తరువాత ఎడిన్‌బరోలో స్త్రీల, పిల్లల ఆసుపత్రిలో పనిచేశారు. 1912లో మరణించిన జెక్స్‌బ్లేక్ జీవిత చరిత్రను రాసి 1918లో వెలువరించారు. అదే సంవత్సరం ఆమె కూడా కన్నుమూశారు.

సాడీ ఆ కాలంలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు. ఆయన భార్య వినిఫ్రెడ్ తండ్రి సర్ జార్జ్ బీల్బీ పారిశ్రామిక రసాయన శాస్త్రవేత్త. టాడ్ ఆ కుటుంబానికి స్నేహితురాలు. గ్లాస్గోలో బీల్బీ గారి ఇంట్లో భోజనాల సమయంలో సాడీ తన పరిశోధన గురించి వివరిస్తూ, పట్టికలో ఒకే చోట చేరే మూలకాలకు తగిన పేరు లేదని చెప్పగా, టాడ్ గ్రీకు మాటలతో ఐసోటోపు అనే పేరు సూచించారు. డిసెంబరు నాటి లేఖలో సాడీ ఆ మాటను ఆమె పేరు ప్రస్తావించకుండా వాడారు. సాడీకి 1921 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి రావడానికి ఐసోటోపుల మూలం, స్వభావం మీద ఆయన చేసిన పరిశోధనలు కూడా కారణం. బహుమతి ప్రకటించే నాటికి టాడ్ జీవించి లేరు. మీ తరగతిలో ఆ ప్రశ్న వేసింది ఒక బాలిక కాబట్టి, ఆ పేరు పెట్టింది వైద్యం చదువుకోవడానికి స్త్రీలు పోరాడవలసి వచ్చిన కాలపు వైద్యురాలని ఆమెకు తప్పకుండా చెప్పండి.

సమాధానం: భారజలం

ఐసోటోను, ఐసోబారుల గురించి నేను రాస్తాను. నేను అణు ఇంధన రంగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి, ఈ మాటలతోనే నా ఉద్యోగ జీవితం గడిచింది.

ఐసోబారు పద్ధతి ప్రకారం పుట్టిన మాటే, 'బరొస్' అంటే బరువు, కాబట్టి సమానమైన బరువు గలవి. వాతావరణ పటాలలో సమాన పీడన రేఖలకు ఈ మాటను అంతకు ముందే వాడేవారు, పరమాణువులకు తరువాత వచ్చింది. ఐసోటోను మాత్రం నిఘంటువులో వెతికితే దారి తప్పిస్తుంది. గ్రీకులో 'తొనొస్' అంటే సాగదీత, తీగ బిగువు, స్వరం. ఒకే సంఖ్యలో న్యూట్రాన్లు గల పరమాణువులకు బిగువుతో పని ఏముంది? 1934లో గుగ్గెన్‌హైమర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఐసోటోపు అనే మాటను తీసుకుని, అందులోని 'ప'కారాన్ని ప్రోటానుకు గుర్తుగా భావించి, దాని స్థానంలో న్యూట్రానుకు గుర్తుగా 'న'కారాన్ని ఉంచారు. ప్రోటాన్లు సమానమైతే ఐసోటోపు, న్యూట్రాన్లు సమానమైతే ఐసోటోను. పిల్లలకు గుర్తుండడానికి ఇంతకంటె మంచి సూత్రం లేదు. కాని టాడ్ 'తొపొస్' అన్నప్పుడు ఆమె మనసులో ప్రోటాన్ లేదు, అప్పటికి ఆ పేరే పుట్టలేదు.

మరొక ముఖ్య విషయం. ఐసోటోపు అన్నది సంబంధాన్ని చెప్పే మాట. తోడికోడలు అనాలంటే అదే ఇంట్లో ఇంకొక కోడలు ఉండాలి గదా, అలాగే ఒక పరమాణువును ఐసోటోపు అనాలంటే అదే గడిలో ఇంకొకటి ఉండాలి. 'యురేనియం 235, యురేనియం 238 పరస్పరం ఐసోటోపులు' అనడం సరైన ప్రయోగం. 'సీజియం 137 ఒక ఐసోటోపు' అని ఊరికే అనడం వాడుకలో స్థిరపడింది గాని, మాట అర్థానికి సరిపోదు. ఈ దుర్వినియోగాన్ని సవరించడానికే 1947లో ట్రూమన్ కోమన్ అనే అమెరికా శాస్త్రవేత్త న్యూక్లైడ్ అనే మాట ప్రతిపాదించారు. కేంద్రకాన్ని సూచించే లాటిన్ మాటకు, రూపం లేక జాతి అనే అర్థం గల గ్రీకు 'ఎయిదొస్' చేర్చి కూర్చిన పదం అది. నిర్దిష్టమైన ప్రోటాన్, న్యూట్రాన్ సంఖ్యలు గల ఏ ఒక్క కేంద్రక జాతినైనా న్యూక్లైడ్ అనవచ్చు. మా విభాగంలో ఈ తేడాను పాటించని నివేదికలను నేను తిప్పి పంపేవాణ్ణి.

చివరగా, సాడీ నిర్వచనం గురించి ఆవర్తనం గారు రాసినదానికి ఒక చేర్పు. పేరు మారలేదన్నది నిజమే గాని, ఆ పేరు పరిధిని గురించి పెద్ద వివాదమే జరిగింది. 1931 చివరలో హెరాల్డ్ యూరే తన సహచరులతో కలిసి భార హైడ్రోజన్‌ను కనుగొన్నారు. 1933లో దానికి, గ్రీకులో 'రెండవది' అనే అర్థం గల మాట ఆధారంగా, డ్యూటీరియం అని పేరు పెట్టారు. 'మొదటిది' అనే మాట నుంచి సాధారణ హైడ్రోజన్‌కు ప్రోటియం, 'మూడవది' అనే మాట నుంచి ఇంకా కనుగొనవలసిన రూపానికి ట్రిటియం అనే పేర్లు కూడా అప్పుడే సూచించారు. రూథర్‌ఫర్డ్‌కు ఆ పేరు నచ్చక, 'రెట్టింపు' అనే గ్రీకు మాట ఆధారంగా డిప్లోజెన్ అనేవారు. సాడీ అభ్యంతరం ఇంకా మౌలికమైనది. ఐసోటోపులు రసాయన పద్ధతులలో విడదీయరానివని ఆయన నిర్వచనం, డ్యూటీరియాన్ని హైడ్రోజన్ నుంచి విడదీయగలుగుతున్నారు కాబట్టి అది ఐసోటోపే కాదని ఆయన వాదించారు.

హైడ్రోజన్ విషయంలో ద్రవ్యరాశి ఏకంగా రెట్టింపు కావడం వల్ల రసాయన చర్యల వేగాలలోనూ, సమతాస్థితిలోనూ కొలవదగిన తేడా వస్తుంది. యురేనియం 235, 238 ఐసోటోపుల మధ్య తేడా ఒకటిన్నర శాతానికి మించదు కాబట్టి అక్కడ విడదీయడం అంత కష్టం. గోదావరి తీరాన మణుగూరులో ఉన్న భారజల కర్మాగారం పనిచేసేది సరిగ్గా ఈ తేడా ఆధారంగానే. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును, నీటిని రెండు వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద ఎదురెదురుగా నడిపిస్తే, చల్లని గోపురంలో డ్యూటీరియం నీటి వైపుకు, వేడి గోపురంలో వాయువు వైపుకు మొగ్గుతుంది. ఆ మార్పిడిని అంచెలంచెలుగా జరిపి నీటిలో డ్యూటీరియాన్ని పెంచుకుంటూ పోతారు, ఆ తరువాత స్వేదనం ద్వారా రియాక్టరుకు కావలసిన శుద్ధికి చేరుస్తారు. సాడీ నిర్వచనాన్ని అక్షరాలా పాటిస్తే ఆ గోపురాలలో వేరయ్యేవి ఐసోటోపులు కావు. శాస్త్రలోకం ఆ నిర్వచనంలోని 'విడదీయరానివి' అనే భాగాన్ని వదిలి, టాడ్ ఇచ్చిన 'ఒకే స్థానం' అనే భాగాన్ని మాత్రమే ఉంచుకుంది. మీరు తరగతిలో చెప్పే నిర్వచనంలో పరమాణు సంఖ్య ఒక్కటే ఉండి, రసాయనికంగా విడదీయలేకపోవడం అన్న మాట లేకపోవడానికి కారణం అదే.